తగ్గిన బరువును నిలుపుకొనుట



మా మంగళగిరి కొండమీది పానకాలస్వామిని గూర్చి వినని వారు మీలో నుండరు. బిందెతో తెచ్చినను, చెంబుతో తెచ్చినను, అర్చకులు శంఖముతో పోయుచుండగా స్వామి సగము పానకమును మాత్రమే గ్రహించి తక్కిన సగమును భక్తులకు ప్రసాదముగా విడుచునని ప్రతీతి. గుటక వేసిన చప్పుడు వినబడుచుండి, సగమగునప్పటికి నిలిచిపోవును. చిన్ననాట మెట్లెక్కి పోయి ఆ చప్పుడు విన్నపుడు నాకు భక్తియు, కొంత భయమును మాత్రమే కలిగెను. ఇప్పుడు పెండ్లిపంక్తులలో మూడవమాఱు వచ్చిన నేతిగిన్నెను వద్దనలేక చేయి వెనుకకు తీసికొనువారిని చూచునపుడు, "చాలు" అనగలుగుట ఎంతటి వరమో యని తోచుచున్నది. ఆ "చాలు" అను మాటను శరీరమునకు దెలుపు మందులు మన కాలమున వచ్చినవి. వానివలన బరువు తగ్గుటను గూర్చి పత్రికలు వలసినంత వ్రాసినవి. తగ్గిన బరువు మరల రాకుండుట యెట్లన్నది నా ప్రస్తావము.

మా వదినగారి సంగతి చెప్పెదను. ఆమె నన్ను వ్రాయుమనియే యన్నది. ఆమె బరువు 86 కిలోలుండెను. ఎత్తు ఐదడుగులు దాటి ఒక యంగుళము. మధుమేహము ఆఱేండ్లనుండి యున్నది. ఈ జిల్లాలలో ప్రబలిన నియమములన్నియు ఆమె చేసినది: కొబ్బరినూనె త్రాగినది, అన్నము మానినది, నిమ్మరసములో తేనె కలిపికొన్నది. ప్రతిమాఱును కొన్ని కిలోలు పోయినవి, పోయినవన్నియు వచ్చినవి. 2022లో సెమాగ్లుటైడ్ అను మందు మన దేశమున మాత్రరూపమున రాగా వైద్యులు దానిని వ్రాసియిచ్చిరి. తెల్లవాఱగనే పరగడుపున గ్రుక్కెడు నీళ్లతో మ్రింగి, అరగంటవఱకు కాఫీనైనను ముట్టరాదు. తొలిచుక్క కాఫీ లేక కన్ను విప్పని మనిషికి అదియొక తపస్సే. ఒకటిన్నర సంవత్సరములో బరువు 77కు దిగినది. చక్కెరయు అదుపునకు వచ్చినది. మోకాళ్ల నొప్పి తగ్గి, పదేండ్ల పిమ్మట కొండ మెట్లెక్కినది.

పిమ్మట మేనకోడలి పెండ్లి వచ్చినది. ఖర్చులు కుప్పలయినవి. "సన్నబడితిని గదా అమ్మాయీ, ఇంక మందెందులకు?" అన్నది వదినగారు. మా యన్నగారును ఔననిరి. చక్కెరకు పాత మాత్ర యొకటి యుంచుకొని దీనిని ఆపివేసిరి. ఆపినచో ఏమగునో మాకెవ్వరును చెప్పలేదు, మేము నడుగలేదు. మూడవ వారమునకే ఆకలి తిరిగి వచ్చినది. అర్ధరాత్రి లేచి వంటింటిలో చలిమిడి వెదకుకొంటినని ఆమె నాతో చెప్పునపుడు కన్నులు తుడుచుకొన్నది. పది నెలలలో 83 కిలోలు. బంధువులు "నోరు కట్టుకొనలేకపోయినది" అనిరి. ఆ మాట నేనును మనసులో నొకమాఱు అనుకొంటిని, దాచుట యెందులకు?

ఆ మాట యెంత యన్యాయమైనదో చదివిన మీదట తెలిసినది. చరకసంహిత సూత్రస్థానమున అతిస్థూలుని గూర్చి యొక అధ్యాయము కలదు. నాయనగారు నాకు దానిని చదివి చెప్పినపుడు, స్థూలుడు తిండిపోతు కనుక స్థూలుడని ఆచార్యుడు తేల్చివేయునని తలచితిని. అట్లు లేదు. కారణములలో బీజస్వభావమునుకూడ, అనగా తల్లిదండ్రులనుండి వచ్చినదానినికూడ, ఆయన చేర్చెను. మేదస్సు మార్గముల నడ్డగింపగా వాయువు కోష్ఠముననే తిరిగి అగ్నిని రగుల్చునట. అందుచేత ఆకలి మిక్కుటమగునట. ఆకలిని దోషమనక రోగలక్షణముగా నెంచినాడన్నమాట.

నేటి శాస్త్రము వేఱు మాటలతో ఈ దారికే వచ్చినది. భుజింపగనే చిన్నప్రేవులనుండి జి.యల్.పి.-1 అను హార్మోను పుట్టి, మెదడునకు తృప్తిని దెలిపి, జీర్ణాశయమును మెల్లగా ఖాళీయగునట్లు చేయును. సహజమైనది నిమిషములలో నశించిపోవును. 1992లో అమెరికాలో గిలా యను విషపుబల్లి విషమునుండి ఇట్టి పదార్థమొకటి బయటపడగా, దానినుండి 2005లో మధుమేహమునకు తొలి మందు వచ్చినది. సెమాగ్లుటైడ్ ఆ వంశములోనిదే. వారమునకొక సూది చాలునంత కాలము దేహములో నిలుచును. టిర్జెపటైడ్ అనునది మఱియొక హార్మోను పనినికూడ చేయును.

అయితే బరువు తగ్గిన దేహము ఊరకుండదు. 2011లో ఆస్ట్రేలియా వైద్యులు, నియమముచే సన్నబడినవారిని ఏడాది గడచిన పిమ్మట పరీక్షింపగా, ఆకలిని పెంచు హార్మోనులు ఇంకను ఎక్కువగనే యున్నట్లును, తృప్తినిచ్చునవి తక్కువగనే యున్నట్లును కనుగొనిరి. దేహము పాత బరువునే తన సొత్తుగా నెంచి, పోయినదానిని రాబట్టుకొనజూచుచుండును. మందు ఆ పోరాటమును అణచియుంచును గాని అంతమొందింపదు. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో 1,961 మందిలో సెమాగ్లుటైడ్ సూది వేసికొన్నవారు 68 వారములలో సగటున నూటికి 14.9 పాళ్లు తగ్గిరి. మందు మానిన యేడాదిలో, పోయిన బరువులో మూడింట రెండు పాళ్లు వారికి తిరిగి వచ్చినది. మా వదినగారికి తొమ్మిది పోయి ఆఱు వచ్చినవి, లెక్క సరిపోయినది! టిర్జెపటైడ్ విషయమునను ఇంతే. 36 వారములు అందఱును వాడి సగటున నూటికి 20.9 పాళ్లు తగ్గిన పిమ్మట, కొనసాగించినవారు ఏడాదిలో మఱి 5.5 పాళ్లు తగ్గగా, తెలియకుండ ఉత్తసూదికి మార్పబడినవారు 14 పాళ్లు పెరిగిరి.

రక్తపుపోటు సరియైనదని మాత్ర మానినచో పోటు తిరిగి వచ్చునని మన ఇండ్లలో ముసలమ్మలకు సైతము తెలియును. బరువు విషయమున మాత్రము మందును మెట్టుగా వాడి, పైకెక్కగనే తన్నివేయదలతుము.

మా అత్తగారికి ఈ మందులన్న మొదటినుండియు అనుమానమే. ఆమె అనుమానము వట్టిది కాదు. సన్నబడుటకని వచ్చిన రిమొనబాంట్ 2009లోను, సిబుట్రమిన్ 2011లోను మన దేశమున నిషేధింపబడినవి. మొదటిది మనసును క్రుంగదీసెను, రెండవది గుండెకు హానిచేసెను. ఈ క్రొత్తవియు నిరపాయములని నేననను. వికారము, వాంతులు, మలబద్ధము సామాన్యములు. పిత్తాశయమున రాళ్లు ఏర్పడవచ్చును. అరుదుగా క్లోమము వాచును. వంశమున మెడ్యులరీ అను థైరాయిడు క్యాన్సరున్నవారు ముట్టరాదు. గర్భిణులకు తగవు, బిడ్డను కోరువారు సెమాగ్లుటైడ్‌ను రెండు నెలల ముందే మానవలెను. టిర్జెపటైడ్ వాడువారికి గర్భనిరోధపు మాత్ర సరిగా పనిచేయకపోవచ్చును గాన వైద్యునితో ఆ మాట సిగ్గుపడక చెప్పవలెను. ఇన్సులినుకూడ వాడువారు ఏకాదశికని శనివారమని ఉపవసించినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పుదురు. ఎయిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రి మన యూరిలోనే యుండగా, పొరుగమ్మ చీటీ చూపి అంగడిలో కొనుట యేల?

2025 మార్చిలో టిర్జెపటైడ్ మన దేశమునకు రాగా వదినగారు మరల మొదలిడినది. తొలి మోతాదే వారమునకు 3,500 రూపాయలు. బడిపంతులు ఇంటి దాననగు నేను ఆ అంకెను విని నిట్టూర్చితిని. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు తీరినందున స్వదేశపు కంపెనీలకు దారి తెరువబడినది. ధనమే అడ్డమైనవారు చెప్పకుండ ఆపక, చౌకయైన మందునకు మారుటనో, తక్కువ మోతాదుతో నిలుచుటనో గూర్చి వైద్యునితో ముందే మాటలాడుట మేలు. ఈ మాట మాకు ముందే తెలిసియున్నచో ఆ పది నెలలు పోయెడివి కావు.

మందుతో పోవునది క్రొవ్వు మాత్రమే కాదు, కండయు పోవును. ఆకలి లేదని రెండు ముద్దల పచ్చడి మెతుకులతో లేచినచో కండ నిలువదు. కందిపప్పు, పెసలు, పెరుగు, తినువారికి గ్రుడ్లు, చేపలు మొదట తిని అన్నము పిదప తినవలెను. మన గుంటూరు కారము, నూనె తేలు ఆవకాయ వికారమును పెంచును. మోతాదు పెంచిన వారములలో వానిని దూరముంచుట వదినగారికి మందు ఖరీదుకంటె కష్టమైనది. ఇక నడకతో పాటు బరువులెత్తుటయు కావలెను. ఆమె రెండు నీళ్లసీసాలు చేతబట్టి డాబామీద కసరత్తు చేయుచుండగా ఎదురింటి మగ్గము నిలిచిపోయి నేతగాడు వింతగా చూచెనట. ఆమె మానలేదు.

మఱియొక చిక్కు: సూదిమందు శీతలపెట్టెలో నుండవలెను. మన వేసవి నలువది డిగ్రీలు దాటును; కరెంటు పోయినప్పుడెల్ల ఆమె తలుపు తెరువనీయదు. ఒకనాడు మనుమడు మజ్జిగకై తెరచి తిట్లు తినెను.

ఇప్పుడామె 73 కిలోలున్నది. ఎప్పుడు మానవచ్చునని అడిగినందుకు వైద్యులు, "మీ మధుమేహపు మాత్రను ఎప్పుడు మానెదరని నన్నడుగలేదు గదా" అనిరట. మొన్న శుక్రవారము నేను వారింటికి పోవునప్పటికి నెల పద్దు వ్రాయుచున్నది. పాలు, కరెంటు, చీటిపాట, మనుమని బడిజీతము. వానిక్రింద, వేఱు రంగు సిరా యేమియు లేకయే, "సూది" అని వ్రాసికొని అంకె వేసినది.