ప్రకటన లేని అంగడి, పరీక్ష లేని విత్తనము

మన గ్రామములందలి చిన్న అంగళ్లకు ప్రకటనలు లేవు. పెక్కింటికి పేరు వ్రాసిన పలకయైనను ఉండదు. అయినను ఏ అంగడిలో పప్పు మంచిదో, ఎచ్చట తూనిక సరిగా నుండునో ఊరిలోని పిల్లవాడును చెప్పగలడు. ఈ యెఱుక ఎట్లు కలుగుచున్నది?

రచ్చబండ కడను, నీళ్లరేవునను, సంతకు పోవు దారిలోను ఒకరు చెప్పగా మఱియొకరు వినుటచేతనే కలుగుచున్నది. పప్పు కొన్న యిల్లాలు ఆ పూటకే వండి చూచును. అది ఉడకనిచో మఱునాటికి పొరుగిండ్లకెల్ల తెలియును. మోసపోయిన ఒక్క యిల్లు పది యిండ్లను హెచ్చరించును. కావున వర్తకుడు జాగ్రత్తతో మెలగును.

సహకారోద్యమమునకు దారి చూపిన అంగడియు ఇట్లే పేరొందినది. ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున, టోడ్ లేన్ వీధిలో, 28 మంది సభ్యులతో నేర్పడిన సంఘము 1844 డిసెంబరు 21వ తేదీన ఒక చిన్న అంగడి తెఱచెను. వెన్న, చక్కెర, పిండి, క్రొవ్వొత్తులు మున్నగు కొలది సరకులే అందు అమ్మిరి. ఆ కాలమున ఆహారపదార్థములలో కల్తీ విస్తారముగా నుండెడిది. కల్తీ లేని సరకు, సరియైన తూనిక, రొక్కపు బేరము అను నీ మూడే ఆ అంగడికి ప్రకటనలైనవి.

అయితే నోటిమాట అన్నిటికిని చాలదు. పప్పు గుణము ఒక పూటలో తేలును. విత్తనపు గుణము తేలుటకు నెలలు పట్టును. “ఆ అంగడి మంచిది” అని పొరుగు రైతు చెప్పినచో, అది నిరుటి సంచి మాటయే కాని యీ యేటిది కాదు. అంగడి యొకటే యైనను విత్తనపు లాటు మాఱియుండును. పైగా అరువిచ్చిన అంగడిని నిందించుటకు రైతునకు నోరు రాదు. మొలక పలుచనైనచో వాన చాలలేదని సరిపెట్టుకొనును. రసీదు అడుగుటకు మొగమాటపడినవానికి, అదును తప్పిన పిదప చూపుటకు చేతిలో ఆధారము మిగులదు.

కావున విత్తనము కొన్నప్పుడు రకము, లాటు సంఖ్య, తేదీ వ్రాసిన రసీదు తప్పక పుచ్చుకొనవలెను. ధ్రువీకృత విత్తనపు సంచికి నీలిరంగు చీటి యుండును. ఆ చీటిని, ఖాళీ సంచిని, కొంచెము విత్తనమును పంట చేతికి వచ్చువఱకు దాచవలెను.

విత్తుటకు ముందు, ఏరకుండ తీసిన 100 గింజలను తడిగోనెలో వరుసగా పఱచి, చుట్టి, తడి యాఱకుండ నీడను ఉంచవలెను. పది దినముల పిమ్మట విప్పి మొలకలను లెక్కింపవలెను. ధ్రువీకృత విత్తనమునకు వరిలో నూటికి 80, వేరుసెనగలో నూటికి 70 తక్కువ కాకుండ మొలవవలెనని నిర్ణయము. అంతకు తక్కువైనచో ఆ విత్తనమును చల్లక, రసీదుతో అంగడికిని, పిదప వ్యవసాయాధికారికిని తెలుపవలెను. అదునుకు పదునైదు దినములు ముందుగా కొన్నవారికే యీ పరీక్షకు వ్యవధి దొరకును.

మన సంఘపు అంగడియు దీనికి లోబడవలసినదే. అచ్చట కొన్న విత్తనమును గూడ సభ్యులు పరీక్షించి, ఆ లెక్కను సంఘ సమావేశమున చెప్పవలెను. ఇకమీదట రచ్చబండపై “ఆ అంగడి మంచిది” అనుటతో నిలువక, “ఈ లాటులో నూటికి ఇన్ని మొలిచినవి” అని చెప్పుకొనుడు. ఆ మాట విని పొరుగు రైతు తన చేనిని కాపాడుకొనును.