ఢిల్లీలో డిగ్రీ చదువు: ఖర్చు లెక్కతో కళాశాలల జాబితాను కుదించుకోవడం ఎలా?

ఇంటర్మీడియట్ ముగిసి, సీయూఈటీ ఫలితం చేతికి వచ్చిన తరువాత అనేక తెలుగు కుటుంబాలలో ఒకే చర్చ మొదలవుతుంది. పిల్లవానికో, అమ్మాయికో ఢిల్లీలో మంచి కళాశాలలో సీటు వచ్చేటట్లు ఉంది. పంపాలా, వద్దా? పంపితే ఏ కళాశాలకు? పేరున్న కళాశాలల జాబితాను తయారు చేసుకోవడం సులభమే. ఆ జాబితాలో తమ ఆదాయానికి అందేవి ఏవో తేల్చుకోవడమే కష్టం. ఈ రెండవ పనిని చివరికి వాయిదా వేసిన కుటుంబాలు సీటు వచ్చాక అప్పు కోసం పరుగెత్తవలసి వస్తుంది. కాబట్టి స్తోమత ప్రధానమైన చోట డబ్బు లెక్క ముందు రావాలి. ర్యాంకుల పోలిక ఆ తరువాతనే.

తెలుగువారికి ఢిల్లీ చదువు కొత్త విషయం కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణానికి చేరువలో, ధౌలా కువాఁలో ఉన్నది. దాని స్థాపన వెనుక దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషి ఉన్నది. ఆ ప్రాంతపు మెట్రో స్టేషన్‌కు నేడు ఆమె పేరే ఉంది. అప్పటికీ ఇప్పటికీ మారింది ప్రవేశ విధానం. 2022 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశాలు ఇంటర్ మార్కుల కటాఫ్‌తో కాక సీయూఈటీ స్కోరుతో జరుగుతున్నాయి. ఈ పరీక్షను తెలుగుతో సహా 13 భాషలలో రాయవచ్చు.

ప్రాధాన్య క్రమమే అసలు నిర్ణయం

ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఉమ్మడి సీట్ల కేటాయింపు విధానంలో విద్యార్థి కళాశాలను, కోర్సును జతగా ఎంచుకుని, వాటిని ఇష్టానుసారం వరుసలో పెట్టాలి. స్కోరుకు అందిన వాటిలో పై వరుసలో ఉన్నదే కేటాయింపుగా వస్తుంది. వచ్చిన సీటును గడువులోగా అంగీకరించి ఫీజు చెల్లించాలి. అంగీకరించకపోతే ఆ ప్రక్రియ నుంచే తప్పుకున్నట్లు లెక్క. అంగీకరించిన తరువాత, పై ప్రాధాన్యాలలో ఖాళీ ఏర్పడితే మారేందుకు అప్‌గ్రేడ్ కోరవచ్చు. వచ్చిన సీటే చాలనుకుంటే ఫ్రీజ్ చేసుకోవచ్చు.

ఈ నియమం స్తోమత చూసుకునే కుటుంబానికి చాలా ముఖ్యమైనది. పేరు కోసం పై వరుసలో పెట్టిన ఖరీదైన కళాశాల కేటాయింపుగా వస్తే, కింద ఉన్న చవకైన కళాశాలకు ఆ దశలో దిగి రావడం సాధ్యం కాదు. అందువల్ల భరించలేని కళాశాలను 'చూద్దాంలే' అని జాబితాలో ఉంచకూడదు. దానిని తొలగించవలసింది ప్రాధాన్యాలు నమోదు చేసే రోజుననే.

మొదటి వడపోత: ఆ విద్యాసంస్థ ఏ ప్రభుత్వ పరిధిలోది?

రాజధాని ప్రాంతం చూపుకు ఒకే నగరంలా కనిపిస్తుంది. మెట్రో రైలు ఎక్కితే నోయిడా, ఢిల్లీ, గురుగ్రామ్ ఒకే ప్రయాణంలో దాటిపోతాయి. కానీ ఫీజులు, కోటాలు, ఉపకారవేతనాల విషయంలో ఈ ప్రాంతం ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ప్రభుత్వాల మధ్య విడిపోయి ఉంది. దీనికి తోడు కేంద్రీయ విద్యాసంస్థలు వేరు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. వీటిలో స్థానిక కోటా లేదు. కర్నూలులో చదివినా కరోల్ బాగ్‌లో చదివినా అవకాశం ఒక్కటే. ఢిల్లీ ప్రభుత్వ పరిధిలోని గురు గోబింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం, ఢిల్లీ టెక్నలాజికల్ విశ్వవిద్యాలయం, నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం, అంబేద్కర్ విశ్వవిద్యాలయం వంటి వాటిలో 85 శాతం సీట్లు ఢిల్లీ అభ్యర్థులకే కేటాయిస్తారు. ఇంజినీరింగ్ ప్రవేశాలలో 'ఢిల్లీ అభ్యర్థి' అంటే పన్నెండవ తరగతిని ఢిల్లీలోని పాఠశాలలో ఉత్తీర్ణులైనవారు.

రాజధానిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ అంశాన్ని ముందే గమనించాలి. ఢిల్లీలో ఉద్యోగం చేస్తూ నోయిడాలోనో, గురుగ్రామ్‌లోనో నివసించే కుటుంబపు పిల్లలు అక్కడి పాఠశాలలోనే పన్నెండవ తరగతి పూర్తి చేస్తే, ఈ 85 శాతం వాటాలోకి రారు. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారిలాగే మిగిలిన 15 శాతానికి పోటీ పడాలి. కనుక అటువంటి సంస్థలను జాబితాలో ఒకటి రెండింటికి పరిమితం చేసుకోవడం మంచిది.

రెండవ వడపోత: ఫీజు కాదు, మొత్తం ఖర్చు

ఢిల్లీ విశ్వవిద్యాలయపు సాధారణ డిగ్రీ కోర్సులలో ఫీజు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలతో పోల్చితే చాలా తక్కువ. ఫీజు కాగితం చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అసలు భారం దాని వెనుక ఉంటుంది. ఈ విశ్వవిద్యాలయపు కళాశాలలు అన్నింటికీ హాస్టళ్లు లేవు. ఉన్నచోట కూడా అందరికీ సరిపడా సీట్లు లేవు. హాస్టల్ దొరకని విద్యార్థి ఉత్తర ప్రాంగణమైతే కమలా నగర్, విజయ్ నగర్ వైపు, దక్షిణ ప్రాంగణమైతే సత్య నికేతన్ వైపు పేయింగ్ గెస్ట్ గదిని వెతుక్కోవాలి.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. మొదటి కళాశాలకు పేరు ఎక్కువ, హాస్టల్ లేదు. ఏడాది ఫీజు 20,000 రూపాయలు అనుకుందాం. గది, భోజనం కలిపి నెలకు 12,000 చొప్పున పదకొండు నెలలకు 1,32,000 రూపాయలు. ఇంటికి రైలు ప్రయాణాలకు 10,000 రూపాయలు. గది కాస్త దూరంగా ఉంటే మెట్రో ఖర్చు కూడా చేరుతుంది. 2025 ఆగస్టులో పెరిగిన ఛార్జీల ప్రకారం 12 నుంచి 21 కిలోమీటర్ల దూరానికి ఒకవైపు టికెట్ 43 రూపాయలు. నెలకు 22 రోజుల చొప్పున పది నెలలు తిరిగితే, స్మార్ట్ కార్డుపై పది శాతం తగ్గింపు పోను, సుమారు 17,000 రూపాయలు అవుతుంది. మొత్తం 1,79,000 రూపాయలు.

రెండవ కళాశాలకు పేరు కొంచెం తక్కువ, హాస్టల్ ఖాయం. ఫీజు 25,000, హాస్టల్, మెస్ కలిపి 80,000, రైలు ప్రయాణాలకు 10,000 అనుకుంటే మొత్తం 1,15,000 రూపాయలు. ఫీజు ఎక్కువగా ఉన్న కళాశాలే ఏడాదికి 64,000 రూపాయలు తక్కువకు వస్తున్నది. మూడేళ్లకు తేడా 1,92,000 రూపాయలు. సాధారణ డిగ్రీ విద్యార్థికి లభించే చాలా ఉపకారవేతనాల కన్నా ఈ తేడా పెద్దది. అంటే హాస్టల్ సీటే ఒక స్కాలర్‌షిప్ వంటిది. కాబట్టి జాబితాలోని ప్రతి కళాశాల ఎదుట రాయవలసిన మొదటి ప్రశ్న: మొదటి సంవత్సరం విద్యార్థులకు హాస్టల్ సీట్లు ఎన్ని, ఎంపిక దేని ఆధారంగా? ఈ అంకెలు మీ కుటుంబానికి వేరుగా ఉండవచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

మూడవ వడపోత: ఏ సహాయం ఖాయం, ఏది ఆశ మాత్రమే?

మొత్తం ఖర్చులోంచి తీసివేయవలసింది ఖాయంగా వచ్చే సహాయాన్ని మాత్రమే. అందుకు ముందు మూడు విషయాలు తెలుసుకోవాలి: అది ప్రతి ఏడాదీ వస్తుందా, మార్కుల షరతు ఉన్నదా, మరో సహాయంతో కలిపి తీసుకోవచ్చా?

కేంద్ర ప్రభుత్వ పీఎం-యూఎస్‌పీ ఉపకారవేతనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ కన్నా పైన నిలిచి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారు జాతీయ ఉపకారవేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 రూపాయలు ఇస్తారు. అయితే మరో ఉపకారవేతనం గానీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందుతున్నవారికి ఇది వర్తించదు. పైన చూసిన మెట్రో ఖర్చు ఒక్కటే ఈ మొత్తాన్ని మించిపోతున్నదని గమనించండి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం తన ఆర్థిక సహాయ పథకం కింద, కుటుంబ ఆదాయం నాలుగు లక్షల లోపు ఉంటే నూరు శాతం వరకు, నాలుగు నుంచి ఎనిమిది లక్షల మధ్య ఉంటే 50 శాతం వరకు ఫీజు తిరిగి ఇస్తున్నది. పరీక్ష ఫీజు, హాస్టల్ ఫీజు ఇందులోకి రావు. దీనికి విద్యార్థి ముందుగా ఫీజు చెల్లించి తరువాత దరఖాస్తు చేయాలి. కళాశాలలు విడిగా ఇచ్చే రాయితీల వివరాలను వాటి ప్రాస్పెక్టస్‌లలో చూడాలి. తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన విద్యార్థులకు ఈ విశ్వవిద్యాలయం 2023-24 నుంచి ప్రత్యేక సీట్లు, ఫీజు మినహాయింపు కల్పించింది.

ఐఐటీ ఢిల్లీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షల రూపాయలు. ఆ అంకె చూసి వెనుకంజ వేయనవసరం లేదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, లక్ష రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలవారికి అది పూర్తిగా మాఫీ అవుతుంది. ఆదాయం లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల విషయంలో రెండు రకాల సహాయాన్ని వేరు చేసి చూడాలి. ఒకటి, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చేది. సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయం ఈ పద్ధతిలో పాక్షికం నుంచి పూర్తి ఫీజు వరకు రాయితీ ఇస్తుంది. రెండవది, మార్కులను బట్టి ఇచ్చేది. ఇది సాధారణంగా ట్యూషన్ ఫీజుకే పరిమితమై ఉంటుంది. ప్రతి ఏడాదీ నిర్ణీత గ్రేడు నిలుపుకోవాలన్న షరతు కూడా ఉండవచ్చు. ఏడాదికి నాలుగు లక్షల ఫీజులో సగం తగ్గినా, మిగిలేది రెండు లక్షలు. హాస్టల్ దానికి అదనం. గ్రేడు తప్పిన ఏడాది పూర్తి ఫీజు కట్టగలమా అన్న ప్రశ్నకు 'కట్టలేము' అనేదే సమాధానమైతే, ఆ సంస్థను జాబితా నుంచి తీసివేయడమే వివేకం.

రాష్ట్రం దాటితే మారేదేమిటి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలుగు కుటుంబాలకు పెద్ద ఆధారం. ఆ పథకం ప్రధానంగా రాష్ట్రంలోని కళాశాలలను దృష్టిలో పెట్టుకుని రూపొందినది. ఢిల్లీలో చేరితే అది తమకు వర్తిస్తుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. రెండున్నర లక్షల లోపు ఆదాయం గల ఎస్సీ కుటుంబాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాన్ని చదివే రాష్ట్రం కాక సొంత రాష్ట్రమే చెల్లిస్తుంది. కనుక వారు దరఖాస్తు చేయవలసింది ఢిల్లీలో కాదు, ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో.

ఇంటికి దగ్గరలో ఉన్న కేంద్రీయ సంస్థలను కూడా ఇదే పట్టికలో చేర్చాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం అటువంటివి. వీటితో పోల్చి చూసినప్పుడే ఢిల్లీకి పెడుతున్న అదనపు ఖర్చు ఎంతో, అది దేనికోసమో స్పష్టమవుతుంది.

రుణం చివరి మెట్టు

ఇంకా లోటు మిగిలితే విద్యారుణం గురించి ఆలోచించాలి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, గుర్తింపు పొందిన ఉన్నత స్థాయి విద్యాసంస్థలలో చేరినవారికి ఆస్తి తనఖా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉండి, ఇతర ప్రభుత్వ ఉపకారవేతనం గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివారికి, పది లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఈ రాయితీకి ఏటా లక్షమంది విద్యార్థులను ఎంపిక చేస్తారు. అందరికీ దక్కేది కాదు కనుక, దీనిని ఖాయమైన సహాయంగా లెక్కలో వేసుకోకూడదు.

పత్రాలు, చేతి నిధి

అర్హత ఉండి కూడా పత్రం లేక సహాయం కోల్పోవడం అన్నింటికన్నా బాధాకరం. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ప్రస్తుత ఆర్థిక సంవత్సరానికి చెందినవై ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. దీనిని దరఖాస్తుకు ముందే సరిచూసుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం పూర్తయి ఉండాలి.

ఉపకారవేతనం సాధారణంగా ఫీజు కట్టిన కొన్ని నెలల తరువాతనే ఖాతాలో పడుతుంది. గది అద్దె మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి, పైగా అడ్వాన్సు కూడా అడుగుతారు. కనీసం మొదటి నాలుగు నెలల ఖర్చు చేతిలో లేకుండా పిల్లలను పంపితే, ఆ ఒత్తిడి వారి చదువుపై పడుతుంది. ఈ మొత్తం ఏ కళాశాలకు ఎంత అవుతుందో పట్టికలో విడిగా రాసుకోండి.

ఈ మూడు వడపోతల తరువాత ఇరవై పేర్ల జాబితాలో ఆరో ఏడో మిగలవచ్చు. ఆ మిగిలినవాటిని మాత్రం డబ్బును బట్టి కాక కోర్సు, అధ్యాపకులు, విద్యార్థి ఆసక్తిని బట్టి వరుసలో పెట్టండి. ఆ పని విద్యార్థికే వదిలివేయవచ్చు. వాటిలో ఏది వచ్చినా ఇల్లు భరించగలదని అప్పటికే తేలి ఉంటుంది. ఆ లెక్కలో విద్యార్థిని కూడా మొదటి నుంచీ కూర్చోబెట్టుకోవడం అవసరం. ఇంటి ఆదాయం ఎంతో, తన చదువుకు ఎంత కేటాయించారో తెలిసిన విద్యార్థి, దూరాన ఉన్నప్పుడు ఇబ్బంది వస్తే దాచుకోకుండా ఇంటికి ఫోన్ చేసి చెప్పగలుగుతారు.