ఎల్లలెన్ని మారినా... రామయ్య ఊరే!

గోల్కొండ నవాబులు ఏలారు. నిజాం ఏలాడు. తెల్లదొరలు ఏలారు. మధ్యప్రాంతాల్లో కలిపారు, మద్రాసులో కలిపారు, ఖమ్మంలో కలిపారు. చివరికి ఊరిని ఒక రాష్ట్రంలో ఉంచి, ఊరి చుట్టుపక్కల పల్లెల్ని మరో రాష్ట్రానికి ఇచ్చారు. అయినా జనం మాత్రం ఏ గీతనూ పట్టించుకోకుండా వస్తూనే ఉన్నారు. ఎందుకంటే అది భద్రాచలం!

కొత్తగూడెం నుంచి బయల్దేరిన బస్సు పాల్వంచ దాటి, సారపాక కాగితం మిల్లు పక్కనుంచి వంతెన ఎక్కుతుంది. అంతవరకూ కునికిపాట్లు పడుతున్నవాళ్లు ఒక్కసారిగా లేచి కిటికీల దగ్గరికి జరుగుతారు. కింద గోదారి. ఎదురుగా గట్టు మీద రాజగోపురం. పెద్దవాళ్లు చేతులు జోడిస్తే, పిల్లలు చిల్లర నాణేలు నదిలోకి విసురుతారు. వంతెన దిగితే భద్రాద్రి.

ఈ ఊరికి ఓ తమాషా ఉంది. ‘భద్రాచలం రోడ్డు’ అనే రైల్వేస్టేషనుంది కానీ అది భద్రాచలంలో లేదు. సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. రైలు దిగినవాళ్లు బస్సెక్కి అడవి దారిన రావాల్సిందే. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వంతెనను ప్రారంభించేవరకూ ఆ దారి కూడా గోదారి ఒడ్డునే ఆగిపోయేది. అవతలికి చేరాలంటే పడవే గతి. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లయితే లాంచీల్లో పాపికొండల మధ్యగా ఎదురీదుకుంటూ వచ్చేవారు. అంత కష్టపడి వచ్చింది ఒకే ఒక్క పెళ్లి చూడటానికి!

తహసీల్దారు కట్టిన గుడి

మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి కొండగా మారాడనీ, అతనికిచ్చిన మాట కోసం రాముడు వైకుంఠం నుంచి దిగి వచ్చాడనీ స్థలపురాణం. ఆ తొందరలో శంఖం కుడిచేతికీ, చక్రం ఎడమచేతికీ మారిపోయాయట. నాలుగు చేతులతో, ఎడమ తొడ మీద సీతమ్మతో ఉండే ఇలాంటి మూర్తి అరుదు. అందుకే ఈయన వైకుంఠ రాముడు.

పుట్టలో మరుగునపడి ఉన్న ఆ మూర్తిని మొదట చూసింది పోకల దమ్మక్క అనే అడవి పల్లె ఆడమనిషి అని చెబుతారు. తాటాకు పందిరి వేసి, తాటిపళ్లు నైవేద్యం పెట్టిందట. ఆ పందిరి చోట రాతిగుడి లేపినవాడు కంచర్ల గోపన్న. ఖమ్మం దగ్గర నేలకొండపల్లి ఆయన ఊరు. 1672లో గద్దెనెక్కిన గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో అక్కన్న, మాదన్న పెద్ద ఉద్యోగులు. వాళ్ల మేనల్లుడు కావడంతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పని దక్కింది.

తర్వాత కథ తెలుగువాళ్లకు కొత్తకాదు. వసూలైన పన్నుల సొమ్ము ఆరు లక్షల వరహాలు గుడికీ, చింతాకు పతకానికీ, కలికితురాయికీ ఖర్చయిపోయింది. గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు. రాముడే మారువేషంలో వచ్చి ఆ సొమ్ము చెల్లించి విడిపించాడని నమ్మకం. ఆ రామమాడలంటూ చూపే నాణేలు ఇప్పటికీ ఆలయంలో ఉన్నాయి. చెరలో గోపన్న అల్లుకున్న కీర్తనలు మాత్రం గుడి గోడలు దాటి ఇంటింటి పాటలయ్యాయి. ఈ కథతో 1964లో చిత్తూరు నాగయ్య ‘రామదాసు’ తీశారు. 2006లో నాగార్జున ‘శ్రీరామదాసు’ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం మరొకటుంది. ఈ కథలో గుడి కట్టింది హిందూ ఉద్యోగి. శిక్ష వేసిందీ, విడిపించిందీ ముస్లిం పాలకుడు. ఆ తానీషా పంపినట్టే ఇప్పటికీ శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వస్తున్నాయి. రాజులు పోయినా రివాజు మిగిలింది.

గోదారి చుట్టూ గీసిన గీతలు

దేశంలో గీతలు మారినప్పుడల్లా భద్రాచలం చిరునామా మారింది. 1860 ఒప్పందంతో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు భూముల్ని ఆంగ్లేయులకు వదిలేశాడు. వాళ్లకు భూమికన్నా నది మీద కన్నుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్, గోదారిలో ఎగువకు చాలా దూరం పడవలు నడపాలని కలగన్నాడు. అందుకోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవల కోసం లాకులు కట్టారు. ఖర్చు తడిసి మోపెడయింది. రైళ్లొచ్చాక పడవల కల మధ్యలోనే ఆగింది. ఆ కట్టడాలు మాత్రం దుమ్ముగూడెంలో ఇప్పటికీ ఉన్నాయి.

సిరొంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో కొన్నేళ్లుండి, 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోకి వచ్చాయి. 1879లో రంపలో మన్యం ప్రజలు తిరగబడ్డప్పుడు ఆ సెగ రేకపల్లికీ పాకింది. చెట్టు కొట్టినా, పోడు చేసినా పన్నులేయడమే ఆ కోపానికి మూలం. తర్వాత భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 1959లో ఖమ్మంలో చేరింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. జిల్లా పేరులో రాముడు ముందున్నాడు కానీ, జిల్లా కేంద్రం మాత్రం కొత్తగూడెమే.

గుడి ఇక్కడ... మాన్యం అక్కడ

ఇన్ని మార్పుల్లోనూ భద్రాచలం వాసులను బాగా కలవరపెట్టింది 2014. రాష్ట్ర విభజన వేళ, పోలవరం ప్రాజెక్టు ముంపు కోసమంటూ అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు పూర్తిగా పోయాయి. బూర్గంపాడులో కొన్ని గ్రామాలు పోయాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం తప్ప మిగిలిన పల్లెలన్నీ పోయాయి. ఆ పల్లెలకు యటపాక మండల కేంద్రమైంది.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఊరి నడిబొడ్డు నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే రాష్ట్రం మారిపోతుంది. పురుషోత్తపట్నంలో రాములవారికి దాదాపు 890 ఎకరాల మాన్యం ఉంది. దేవుడు తెలంగాణలో, దేవుడి పొలం ఆంధ్రాలో! ఆ భూముల ఆక్రమణల గొడవ రెండు రాష్ట్రాల అధికారులకూ తలనొప్పిగా మారింది. పట్టణం పెరగాలంటే ఓ వైపు నది, మిగతా వైపుల సరిహద్దు. చివరికి ఊళ్లో పోగయ్యే చెత్త ఎక్కడ పోయాలన్నదీ సమస్యే.

అవతలి పల్లెలకూ ఇబ్బందే. యటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీల వాళ్లకు సంత, ఆసుపత్రి, కాలేజీ అన్నీ భద్రాచలంలోనే. ఈ అయిదింటినీ తిరిగి ఇమ్మని తెలంగాణ అడుగుతోంది. ప్రాంతీయ ఆసుపత్రికైతే ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి కూడా రోగులొస్తారు. ప్రసవానికొచ్చిన కోయ ఆడబిడ్డను ‘ఏ రాష్ట్రం’ అని అడిగి వెనక్కి పంపే ఊరు కాదిది.

విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుంచి కడప జిల్లా ఒంటిమిట్టలో అధికారికంగా కల్యాణం జరిపిస్తోంది. అయినా తూర్పు గోదావరి జిల్లా కోరుకొండ ప్రాంత భక్తులు మాత్రం భద్రాద్రి దారి మరవలేదు. వడ్లు ప్రత్యేకంగా పండించి, రోకటితో దంచకుండా గోళ్లతో ఒక్కొక్క గింజా ఒలిచి, ఆ గోటి తలంబ్రాలను ఏటా తీసుకొస్తారు. అవి ఇక్కడి గులాలు కలిపిన ఎర్ర తలంబ్రాల్లో కలిసిపోతాయి. ఏ గింజ ఏ రాష్ట్రానిదో సీతమ్మకైనా తెలియదు!

అడవిబిడ్డల ఇలాకా

భద్రాచలమంటే గుడి ఒక్కటే కాదు. చుట్టూ ఉన్నది కోయల సీమ. పాపికొండల వైపు కొండరెడ్లుంటారు. కోయలకు సొంత భాష ఉంది. గోండీకి దగ్గరి చుట్టం. వేసవిలో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడం, తర్వాత తునికాకు కోత, చింతపండు... అడవే వాళ్లకు క్యాలెండరు. విత్తనాల పండుగ చేయకుండా దుక్కిలో గింజ వేయరు. పెళ్లిళ్లలో, పండగల్లో అడవిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని డోళ్లతో ఆడే కొమ్ము నృత్యం చూసితీరాలి.

కోయల చరిత్ర పుస్తకాల్లో తక్కువ, గొంతుల్లో ఎక్కువ. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథనూ, కోయ వీరుల వంశగాథలనూ గంటల తరబడి పాడేవారు. 2022లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ గొంతుతోపాటు పోయినవెన్నో లెక్కతేల్చలేం.

ఈ ఇలాకాలో 1970 నాటి 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. అయినా పోడు పట్టాల కోసం పోరాటం తీరలేదు. 2005 తర్వాత బస్తర్‌లో సల్వాజుడుం హింసకు తాళలేక గొత్తికోయలు వేల సంఖ్యలో ఈ అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. తాగునీటికీ, రేషనుకార్డుకీ, కులధ్రువీకరణ పత్రానికీ వాళ్ల ఎదురుచూపు ఇంకా సాగుతూనే ఉంది.

మంచి కబుర్లూ ఉన్నాయి. ఇప్పపువ్వు లడ్డూలు, చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేస్తూ గిరిజన మహిళలు సొంత కాళ్లమీద నిలబడుతున్నారు. 2025 జూన్‌లో ‘మన్ కీ బాత్’లో ప్రధాని భద్రాచలం మహిళల బిస్కెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పారు. ఒకనాడు దమ్మక్క రాముడికి తాటిపండు పెట్టిన చోటే ఇదంతా. శబరి స్మృతియాత్ర రోజున గిరిజనులు అడవిపూలు, పళ్లు తెచ్చి స్వామికి సమర్పిస్తుంటే ఆ పాత చుట్టరికం కళ్లకు కడుతుంది.

గోదారమ్మకు కోపమొస్తే...

భద్రాచలంలో వానాకాలం వస్తే పలకరింపు మారిపోతుంది. ‘భోజనమైందా’ అనరు, ‘ఎన్నడుగులు’ అంటారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పొంగితే నీరు ఇటే రావాలి. దిగువన కూనవరం దగ్గర శబరి పోటెత్తితే గోదారి ముందుకు కదలలేక ఇక్కడే నిలిచిపోతుంది. ముందూ వెనకా నీళ్లే!

1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఊరు ఊరంతా నీళ్లలో ఉంది. ఆ తర్వాత కట్టిన కరకట్టే ఇప్పుడు ఊరికి కంచుకోట. 2022 జులై 16న నది 71.3 అడుగులకు లేచినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట పెద్ద గండం తప్పించినా లోతట్టు కాలనీలు మునిగాయి. కట్ట రక్షణ లేని అవతలి పల్లెల సంగతి చెప్పక్కర్లేదు. మమ్మల్ని తిరిగి తెలంగాణలో కలపండంటూ ఆ పంచాయతీల జనం రోడ్డెక్కింది అప్పుడే. పోలవరం పూర్తిగా నిండితే వెనకజలాలు ఎందాకా వస్తాయన్నదే ఇప్పుడు ఊళ్లో ప్రతి ఇంటి ప్రశ్న.

చూసి రావాలంటే...

* సందడి ఇష్టమైతే శ్రీరామనవమికి వెళ్లాలి. ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం గోదారిలో హంసవాహనం మీద తెప్పోత్సవం, మర్నాడు తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనం.

* పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. సీతారాములు కాపురముండగా మాయలేడి వచ్చింది ఇక్కడికేనని నమ్మకం. సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులంటూ వాగు ఒడ్డున బండల మీది చారలు చూపిస్తారు. దారిలో దుమ్ముగూడెం ఆనకట్ట చూడొచ్చు.

* యటపాక రెండు కిలోమీటర్లు. జటాయువు నేలకొరిగిన చోటంటారు. గుండాలలో ఏటి ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. రెండూ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

* వరరామచంద్రాపురం మండలం పోచవరం నుంచి పాపికొండలకు బోట్లుంటాయి. 2019 సెప్టెంబరు 15న దిగువన కచ్చులూరు దగ్గర జరిగిన ఘోర పడవ ప్రమాదం గుర్తుంచుకుని, లైఫ్‌జాకెట్ లేకుండా ఎక్కొద్దు. వరద రోజుల్లో బోట్లు నడవవు.

* పాల్వంచ వైపు కిన్నెరసాని జలాశయం, జింకల పార్కు పిల్లలకు నచ్చుతాయి.

సాయంత్రమైతే కరకట్ట మీద జనం చేరతారు. ఒకరిది యటపాక, ఒకరిది సారపాక, ఒకరిది కుంట. చేతిలో ప్రసాదం పొట్లం, ఎదురుగా నిండు గోదారి. పైన గుళ్లో గంట మోగగానే అంతా అటే తిరిగి చేతులు జోడిస్తారు. ఆ గంట నాలుగు రాష్ట్రాల జనానికి మోగుతుంది. దానికి మాత్రం ఎవరూ గీత గీయలేరు.