తిప్పతీగ సారాన్ని ఎందుకు, ఎలా పరీక్షిస్తారు?

తిప్పతీగ రోగాలను ఎదుర్కొనే శక్తినిస్తుందని ఆయుర్వేదం చెబుతున్నా, ఆ మాటను ప్రయోగశాలలో తేల్చాలంటే ముందుగా ఎండిన కాండాన్ని పొడి చేసి, నీటిలోనో ఆల్కహాలులోనో నానబెట్టి, వడగట్టి, ద్రవాన్ని ఆవిరి చేయగా మిగిలే సారాన్ని సేకరించాలి. చక్కెర అణువుల పొడవైన గొలుసులైన పాలిశాకరైడ్లు నీటిలోకి దిగినంతగా ఆల్కహాలులోకి దిగవు కాబట్టి, ఒకే మొక్క నుంచి తీసిన రెండు సారాలు ఒకే ఫలితం ఇవ్వాలన్న నియమం లేదు.

తరువాత, సూక్ష్మజీవులను మింగి అరిగించే మాక్రోఫేజ్ కణాలకు ఆ సారాన్ని వేర్వేరు మోతాదుల్లో అందించి, ఇతర కణాలకు కబురు పంపే సైటోకైన్ ప్రొటీన్లను అవి ఎంత విడుదల చేస్తున్నాయో కొలుస్తారు. సారం కలపని కణాలతో పోల్చకపోతే ఆ కొలతలకు అర్థమే ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొక్కలపై నివసించే కొన్ని బ్యాక్టీరియాల పైపొరలోని ఎండోటాక్సిన్ అనే పదార్థం అతి స్వల్పంగా కలిసినా మాక్రోఫేజ్‌లను గట్టిగా రెచ్చగొడుతుంది, పైగా మామూలుగా మరిగించినా నశించదు. అందువల్ల మొక్క గొప్పతనంగా కనిపించినది నిజానికి మలినం చేసిన పని కావచ్చు. దీనిని తేల్చడానికి, ఎండోటాక్సిన్‌ను పట్టి బంధించే పాలిమిక్సిన్-బి అనే మందును కలిపి, ప్రభావం మిగిలిందో లేదో చూస్తారు.

రోగనిరోధక వ్యవస్థ మితిమీరి చెలరేగితే సొంత అవయవాల మీదికే తిరగవచ్చు కనుక, కణాల్లో కనిపించిన ఫలితాన్ని మనుషుల్లో జాగ్రత్తగా పరీక్షించాలి. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రచురించగా, వారు తిన్నది అసలు తిప్పతీగేనా, దానిని పోలిన మరో జాతా అన్నది నిర్ధారించలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం తెలిపింది.