వైఫై తనంతట తాను కలవట్లేదా?

స్టేషన్లో రైల్‌వైర్ వైఫై ఉంది. ఫోన్ కలుస్తోంది గానీ లినక్స్ ల్యాప్‌టాప్ కలవట్లేదు. ఏం చేయాలి?

చాలా లినక్స్‌లలో ఈ పని చూసేది నెట్‌వర్క్ మేనేజర్. ముక్కూమొహం తెలియని వైఫై జోలికి అది పోదు. మీరు ఒకసారి కలిపితే గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాతా కలవకపోతే వైఫై సెట్టింగ్స్‌లో ఆ పేరు తెరిచి, 'కనెక్ట్ ఆటోమేటికల్లీ' దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. ఉన్నా మొండికేస్తే 'ఫర్‌గెట్' కొట్టి మళ్లీ కలపండి.

కలిసినా పేజీలు రావట్లేదంటే చాలావరకు తప్పు లినక్స్‌ది కాదు. ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ ముందు తెరుచుకోవాలి. బ్రౌజర్లో 'హెచ్‌టీటీపీ'తో (చివర 'ఎస్' లేకుండా) మొదలయ్యే చిరునామా కొడితే సాధారణంగా వచ్చేస్తుంది.

అన్నట్టు, పాస్‌వర్డ్ లేని వైఫైని ల్యాప్‌టాప్ పోల్చుకునేది పేరుతోనే. పక్క బెంచీ మీద ఎవరో అదే పేరుతో హాట్‌స్పాట్ తెరిచినా నమ్మి కలిసిపోతుంది. రైలెక్కాక ఆ టిక్ తీసేయండి.