సంచుల కాపలా ఇక చాలు... ఏటి వెంట నడుద్దాం రండి!

ఏ యాత్రకు వెళ్ళినా మన ఇళ్ళల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మేం పైకెళ్ళొస్తాం. నువ్వూ అమ్మా పిల్లల్ని పెట్టుకుని ఇక్కడ సంచుల దగ్గర కూర్చోండి!" మీరూ విన్నారు కదూ?

నేనూ విన్నాను. మేం మొదటిసారి అహోబిలం వెళ్ళినప్పుడు మగవాళ్ళంతా జ్వాలా నరసింహస్వామి దాకా ఎక్కి, సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ దిగొచ్చారు. మా అత్తయ్యా, నేనూ, పిల్లలూ ఎగువ అహోబిలం గుడి దగ్గరే కూర్చుని కోతుల బారి నుంచి పులిహోర డబ్బా కాపాడుకున్నాం. అంత దూరం వెళ్ళి మేం చూసిన అహోబిలం అంతే!

రెండోసారి వెళ్ళినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ గుడి నుంచి కిలోమీటరు నడిస్తే చాలు, రెండు కొండల నడుమ గండిలో, గలగలా పారే ఏటి ఒడ్డున క్రోడ నరసింహస్వామి సన్నిధి ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య కూడా కర్ర పట్టుకుని, మధ్యమధ్య కూర్చుంటూ వచ్చేశారు. మొదటిసారి ఎందుకు రాలేదంటే, రావచ్చని మాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎక్కడుందంటే...

అహోబిలం నంద్యాల జిల్లాలో, నల్లమల అడవుల్లో ఉంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా వెళ్ళాలి. ముందు వచ్చేది దిగువ అహోబిలం. బస, భోజనం సదుపాయాలు అక్కడే ఎక్కువ. అక్కణ్ణుంచి ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు మీద వెళితే ఎగువ అహోబిలం. నవనారసింహుల్లో ఒకరైన అహోబిల నరసింహస్వామి గుడి ఇదే. మన నడక ఇక్కణ్ణుంచి మొదలు.

నడక ఎలా ఉంటుంది?

ఆ ఏటి పేరు భవనాశిని. భవమంటే సంసార బంధం. దాన్ని నశింపజేసేది భవనాశిని అన్నమాట. ఒక్క పూట స్టవ్వు మొహం చూడకుండా ఆ నీళ్ళ పక్కన కూర్చుంటే ఆ పేరు ఎందుకు పెట్టారో మన ఆడవాళ్ళకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు!

దారి పొడవునా ఏరు పక్కనే ఉంటుంది. అక్కడక్కడా మెట్లు, ఎక్కువగా బండలూ గులకరాళ్ళూ. తారురోడ్డు మీద నడిచినట్టు ఉండదు గానీ తొందరపడకపోతే కష్టమూ కాదు. రెండు వైపులా గోడల్లా లేచిన కొండలు చూడండి. పలకల మీద పలకలు పేర్చినట్టు ఉంటాయి. నూరు కోట్ల ఏళ్ళకు పూర్వం నీళ్ళ అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసకే గట్టిపడి ఈ రాయి అయింది. అంత గట్టి రాతిని కోసి దారి చేసుకున్నది నీళ్ళే. ఈ మాట పిల్లలకు అక్కడే చూపిస్తూ చెప్పండి. బళ్ళో చదివినదానికంటే బాగా గుర్తుంటుంది.

క్రోడమంటే వరాహం. భూదేవిని పైకెత్తిన వరాహమూర్తి కథ తెలిసిందే కదా, ఇక్కడి స్వామి ఆ రూపమే. ఇక ఈ అడవి చెంచుల ఇల్లు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన నరసింహస్వామి వాళ్ళకు అల్లుడు. అల్లుడి ఊళ్ళో ఉన్నామని గుర్తుంచుకుని, ప్లాస్టిక్ కవర్లూ ఖాళీ సీసాలూ ఏట్లో పారేయకుండా మన సంచిలోనే వెనక్కి తెచ్చుకుందాం.

ఎక్కడ ఆగాలి?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ముందుకు వెళితే మాలోల నరసింహస్వామి, జ్వాలా నరసింహస్వామి సన్నిధులున్నాయి. జ్వాలా సన్నిధి ఎగువ అహోబిలం నుంచి దాదాపు నాలుగు కిలోమీటర్లు. చాలా మెట్లు, కష్టమైన ఎక్కుడు. ఓపికున్నవాళ్ళు వెళ్ళి తీరాల్సిన చోటే. నడవలేని పెద్దవాళ్ళకు డోలీలు కూడా దొరుకుతాయి. కానీ "వస్తే చివరిదాకా రావాలి, లేకపోతే కిందే ఉండాలి" అన్న లెక్క మాత్రం వద్దు. అందరూ కలిసి క్రోడ సన్నిధి దాకా నడవండి. పసిపిల్లలున్నవాళ్ళూ, పెద్దవాళ్ళూ అక్కడ కాసేపు కూర్చుని హాయిగా వెనక్కి తిరగొచ్చు. వెనక్కి తిరగడం ఓడిపోవడం కాదు సుమా!

ఎప్పుడు వెళ్ళాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఎండాకాలంలో రాళ్ళు కాలిపోతాయి, నీళ్ళు సన్నబడతాయి. వానాకాలంలో మాత్రం పిల్లలతో అసలు వద్దు. మన నెత్తిన చినుకు పడకపోయినా పైన కొండల్లో వాన కురిస్తే ఏరు చూస్తుండగానే పొంగుతుంది. నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను సంగతి మరిచిపోయి ఎత్తుగా ఉన్న గట్టు మీదికి వెళ్ళిపోవాలి.

తేటనీరు ఉన్న లోతు కంటే తక్కువ లోతుగా కనబడుతుంది. పిల్లల్ని చెయ్యి పట్టుకునే నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. పాచి పట్టిన రాయి మీద కాలు వేయనివ్వకండి. ఇది పులులు తిరిగే అడవి. పొద్దున్నే బయల్దేరి, ఎండ ఉండగానే గుడి దగ్గరికి వచ్చేయాలి. బయల్దేరే ముందు దారి ఎలా ఉందో గుడి దగ్గర అడిగి తెలుసుకోండి.

మీ సంచిలో ఏముండాలి?

* పట్టుచీర పెట్టెలోనే ఉంచి, నూలు చీరో పంజాబీ డ్రెస్సో వేసుకోండి. చీరైతే మడమకు నాలుగు వేళ్ళు పైకి కట్టండి.

* అడుగున గాళ్ళున్న, జారని చెప్పులు. ఎత్తుమడమల చెప్పులు వద్దు.

* పెద్దవాళ్ళకు చేతికర్ర. గుడి దగ్గర వెదురు కర్రలు అమ్ముతారు.

* మనిషికో సీసా మంచినీళ్ళు, రెండు తువ్వాళ్ళు, పిల్లలకు ఒక జత బట్టలు.

* తినడానికి చింతపండు పులిహోర, పెరుగన్నం. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నానికి పుల్లబడకుండా కమ్మగా తోడుకుంటుంది.

* తిండి మూత గట్టిగా ఉన్న డబ్బాల్లోనే పెట్టండి. కవరు చప్పుడైతే కోతులు వాలిపోతాయి. చేతిలో అరటిపండు పట్టుకుని నడవకండి.

మిగతా సామానంతా బసలోనే పెట్టి తాళం వేయండి. అప్పుడు కాపలాకు ఎవరూ కూర్చోనక్కర్లేదు.

ఆ రోజు మా అత్తయ్య ఏటి ఒడ్డున బండ మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టి, "నన్నెవరూ ఇంత లోపలికి తీసుకురాలేదే అమ్మాయ్" అన్నారు. ఆవిడకప్పుడు అరవై ఆరేళ్ళు.

మీ ఇంట్లోనూ అలా కిందే కూర్చుండిపోయినవాళ్ళు ఉండే ఉంటారు. అది మీరే కావచ్చు కూడా. ఈసారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. ఆ పులిహోర సంచి మాత్రం మీవారి భుజానికి తగిలించడం మరిచిపోకండి!