పని ఒకటి, వంశము వేఱొకటి

మా మర్రిగూడ ప్రాంతమున తోటలలోను, తాటివనములలోను ఒక పిట్ట మ్రానును పట్టుకొని టకటకమని ముక్కుతో పొడుచుచుండును. దాని వీపు బంగారువన్నె. తలపై ఎఱ్ఱని కుచ్చు. అదియే వడ్రంగిపిట్ట. చెట్టెక్కు పిట్ట యేదని అడిగినచో మా ఊరి పిల్లలు దానినే చూపుదురు. అయితే మ్రానుపై ప్రాకు పిట్టలన్నియు ఒకే వంశమునకు చెందినవేనా?

మధ్యభారతపు పలుచని అడవులలో మఱియొక చిన్నపిట్ట కలదు. దానిని మనము చుక్కల ప్రాకుడుపిట్ట యనుకొందము. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. ఒడలెల్ల తెల్లని చుక్కలు. ముక్కు సన్ననిది, కొంచెము క్రిందికి వంగినది. గరుకు బెరడు పగుళ్లలో దాగిన పురుగులను, సాలెపురుగులను అది ఏరుకొని తినును. బెరడు రంగులో కలిసిపోవుటచే కదలినగాని కంటబడదు.

ఈ పిట్టకును వడ్రంగిపిట్టకును పని కొంత ఒకటే. కాని అవయవములను పరిశీలింపుడు. వడ్రంగిపిట్ట కాలివ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకు ఉండును. బిరుసైన తోక దానికి ఊతకఱ్ఱ. ప్రాకుడుపిట్టకు మూడు వ్రేళ్లు ముందునకు, ఒకటి వెనుకకు. తోక మెత్తనిది, ఊతకు పనికిరాదు. మెక్సికో మొదలు అర్జెంటీనా వరకు గల అడవులలో చెట్లపై ప్రాకు మఱికొన్ని పిట్టలున్నవి. వాని తోకలు బిరుసువి. అయినను అవి వడ్రంగిపిట్టలకు గాక, మట్టితో పొయ్యివంటి గూళ్లు కట్టు పిట్టలకు చుట్టములు. గబ్బిలమునకు రెక్కలున్నంత మాత్రమున అది పక్షి కాదు గదా! ఒకే పని చేయుటచే వేఱువేఱు వంశముల ప్రాణులు ఒకదాని నొకటి పోలుట ప్రకృతిలో తఱచు కలదు.

అందుచేతనే మన చుక్కల పిట్టను ఏ కుటుంబమున చేర్చవలెనను ప్రశ్న పండితులను చిరకాలము వేధించినది. 1831లో ఫ్రాంక్లిన్ దానిని వర్ణించి, ఐరోపా ప్రాకుడుపిట్టల ప్రజాతియైన సెర్తియాలో చేర్చెను. 1847లో గ్రే దానికి సాల్పోర్నిస్ అను వేఱు ప్రజాతి నేర్పరచెను. సెర్తియా పిట్టలకు బిరుసు తోక కలదు; అవి ఊడుచున్న బెరడు చాటున గూడు పెట్టును. మన పిట్ట కొమ్మపై సాలెగూటి దారములతో గిన్నెవంటి గూడు కట్టును. నేటి పండితులు డి.ఎన్.ఏ.ను పోల్చి చూచుచున్నారు. ఐనను దానిని సెర్తియా కుటుంబముననే ఉంచువారు కొందఱు, ప్రత్యేక కుటుంబమనువారు కొందఱు.

పేర్లను గూర్చి ఇంత వాదమేల యని మీరడుగవచ్చును. ఆఫ్రికాలోను ఇట్టి పిట్టయే కలదు. పూర్వము ఆ రెంటిని ఒకే జాతిగా లెక్కించిరి. అట్లయినచో ఇచ్చటి అడవులు నశించినను ఆ జాతి ఆఫ్రికాలో మిగిలియుండును. నేడు పెక్కుమంది వానిని రెండు జాతులుగా గుర్తించుచున్నారు. అప్పుడు మన దేశపు అడవులు పోయినచో ఈ పిట్టకు మఱియొక యిల్లు లేదు. వర్గీకరణము ఉట్టి పేర్ల పట్టిక కాదు. ఏది పోయిన మరల రాదో అది మనకు తెలుపును.

కావున విద్యార్థులారా! ఇకమీదట మ్రానుపై పిట్ట కనబడినచో పేరు చెప్పుటకు తొందరపడకుడు. ముందు దాని వ్రేళ్లను, తోకను, ముక్కును, గూటిని నిదానముగా చూడుడు.